గోడ నాది, సున్నం ఆయనది

సభాధ్యక్షులు, మన ఉపాధ్యాయ సంఘం జిల్లా కార్యదర్శి మొంజీ గారికి, వేదిక మీదున్న ప్రధానోపాధ్యాయురాలు రవ్దా గారికి, ముందు వరసలో కూర్చుని ఈవిడ ఎంతసేపు మాట్లాడుతుందోనని అప్పుడే గడియారాలు చూసుకుంటున్న పెద్దలకి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ నా పాత విద్యార్థులకి, ఒకప్పుడు నాతోపాటు పోలీసు వ్యానులెక్కిన మిత్రులకి, ఎక్కకుండా పక్క సందులోంచి ఇంటికెళ్ళిపోయిన మిత్రులకి కూడా, పేరుపేరునా నా సలాం. (నవ్వులు)

మొంజీ నా గురించి చాలా గొప్పగా చెప్పాడు. ఈయన నా క్లాసులో కూర్చున్న రోజుల్లో ప్రశ్న వేస్తే నోరు పెగిలేది కాదు, ఇవాళ ఆ కరువంతా తీర్చుకున్నాడు. (నవ్వులు) ఉక్కు మనిషినట, రాజీ అంటే తెలియనిదాన్నట, శత్రువు ముందు ఏనాడూ తల వంచలేదట. వింటూ ఉంటే నాకు నేనెప్పుడు చచ్చిపోయానా అని అనుమానం వచ్చింది. మన సంఘంలో ఇంత మంచి మాటలు శవాల మీదే కదా చల్లుతాం.

నేను ఈ సాయంత్రం నా వీడ్కోలు సభలో తత్వశాస్త్రం గురించి, మన గాబెస్ ఊరి పిల్లలకి దాన్ని చెప్పడంలో ఉన్న సుఖదుఃఖాల గురించి మాట్లాడదామని వచ్చాను. కానీ ఆ శత్రువన్న మాట ఒకటి దొర్లింది కాబట్టి, ఇక దాన్ని దాటి పోలేను. శత్రువుల గురించే మాట్లాడతాను. అందరి గురించీ కాదు, ఒక్కడి గురించి. ఆయన పేరు ఈ హాల్లో చాలాకాలంగా ఎవరూ పలకడం లేదు. లజ్‌హర్. మన బడిలో ఫిజిక్సు చెప్పిన లజ్‌హర్.

(సభలో కదలిక)

కుర్చీలు అంత చప్పుడు చెయ్యక్కర్లేదు, పేరే కదా అన్నాను.

కొత్తగా వచ్చిన పిల్ల టీచర్లకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆయన మసీదు పార్టీ మనిషి. పాత ప్రభుత్వం ఆయన్ని పడుచుతనంలోనే పట్టుకుపోయి జైల్లో వేసింది, తరవాత వదిలింది గానీ బడి గడప తొక్కనివ్వలేదు. హెన్నా బజారు వెనక చిన్న కొట్టు పెట్టుకుని రేడియోలూ టీవీలూ బాగుచేసుకుని బతికాడు. నేనప్పుడు గఫ్సాలో పని చేస్తున్నాను, ఆయనెవరో కూడా నాకు తెలీదు. విప్లవం వచ్చి, పాత పెద్దమనిషి విమానమెక్కి పారిపోయాక, ఆయనకి ఉద్యోగం తిరిగిచ్చారు. నెరిసిన గడ్డంతో మన స్టాఫ్ రూములోకి వచ్చిన మొదటిరోజు నేను చెయ్యి చాచాను. ఆయన తన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. ఆడదాని చెయ్యి ముట్టుకోడట. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత అవమానమో అప్పుడు తెలిసింది నాకు. ఆ పూట నుంచీ ఉప్పూ నిప్పూగానే ఉన్నాం.

మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, స్టాఫ్ రూములో కిటికీ దగ్గర మా ఎర్రజెండా జట్టు, తలుపు దగ్గర ఆయన జట్టు. ఒకే కెటిల్లోంచి టీ తాగేవాళ్ళం, ఒకే మాట మీద ఉన్నది మాత్రం ఎప్పుడూ లేదు. సంఘం ఎన్నికల్లో ఆయన మీద నేను గెలిచాను. పురపాలక ఎన్నికల్లో నా మీద ఆయన గెలిచాడు, ఎంత తేడాతోనో చెప్పను, మా వీధి మొత్తానికీ నాకు ఒక్క ఓటే పడిందని చెబితే చాలు. (నవ్వులు) నేను ఓడిపోయిన రాత్రి నా భర్త తిజానీ నన్ను ఓదార్చాల్సింది పోయి, "దలందా, మనింట్లో మనిద్దరమే కదా, మరి రెండో ఓటు ఏమైందంటావ్?" అని అడిగాడు.

తిజానీ మీ అందరికీ తెలుసు. రేవులో క్రేను నడిపాడు, ముప్పావు జీవితం సమ్మెల్లో గడిపాడు, దేవుణ్ణీ యజమానినీ ఒకే గాటన కట్టి తిట్టేవాడు.

లజ్‌హర్ పార్టీ గద్దెనెక్కిన రోజుల సంగతి చెబుతాను. ఆ రోజులు ఎలాంటివో నేను మర్చిపోలేదు, ఎవరూ నాకు గుర్తు చెయ్యక్కర్లేదు. బజార్లో కుర్రాళ్ళు నా జుట్టు మీద వ్యాఖ్యానాలు చేసేవాళ్ళు. ఒక పొద్దున చెత్త పారెయ్యడానికి తలుపు తీసేసరికి మా ప్రహరీ గోడ నిండా నల్ల రంగుతో రాసుంది. దేవుడు లేని దాని ఇల్లు అని. దాని కింద ఇంకా ఉంది, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న సభలో చదవలేను.

ఆ గోడ ముందు లజ్‌హర్ ఉన్నాడు. కోటు విప్పి మా గేటుకి తగిలించాడు, చొక్కా చేతులు మడిచాడు, బకెట్లో సున్నం కలుపుకుని కుంచెతో రుద్దుతున్నాడు. నేను చెత్తబుట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఇది మీ వాళ్ళ పనే కదా?" అన్నాను.

"అవును, మా వాళ్ళదే" అన్నాడు, కుంచె ఆపకుండా.

"ఎవరో తెలుసా?"

"తెలుసు. ఇందాకే ఇద్దరి చెవులు మెలిపెట్టి వచ్చాను."

"మరి శుక్రవారం మీ సభలో మైకు పట్టుకుని ఇది తప్పని చెబుతారా?"

ఆయన కుంచె బకెట్లో ముంచాడు. రెండో పూత మొదలుపెట్టాడు. నేను వదల్లేదు. "చెప్పండి లజ్‌హర్ గారూ. తెల్లారకుండా వచ్చి సున్నం కొట్టిపోతే సరిపోతుందా? నలుగురిలో నోరు విప్పరా?"

అప్పుడు నా వైపు తిరిగాడు. మొహం మీద సున్నం చుక్కలు. "చెల్లెమ్మా, నోరు పార్టీది. చేతులు మాత్రం నావి" అన్నాడు.



నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. ఆ శుక్రవారం ఆయన మైకు ముందు నిలబడి ధరల గురించి మాట్లాడాడే తప్ప నా గోడ గురించి ఒక్క ముక్క అనలేదు. నేను ఆ మాట క్షమించలేదు, ఇకముందు కూడా క్షమించబోనని ఆయనకి కబురు చేశాను. అదంతా తరవాత వస్తుంది.

ఆ తరవాత తిజానీ కిడ్నీలు పోయాయి. వారంలో రోజు విడిచి రోజు డయాలసిస్. ప్రహరీ గోడున్న ఆ ఇల్లు ఆసుపత్రికి దూరమని అమ్మేసి, దగ్గర్లోని ఫ్లాటుకి మారాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తిజానీ కాళ్ళు నిలబడటం మానేశాయి. క్రేను నడిపిన మనిషి, సముద్రం మీద బరువులు లేపినవాడు, మెట్లు దిగడానికి ఇంకొకళ్ళ భుజం కోసం చూడాల్సి వచ్చింది.

మిత్రులొచ్చారు. రాలేదని అనను, అబద్ధమవుతుంది. మొదటివారం ఇల్లు పట్టనంతమంది వచ్చారు. పూలొచ్చాయి. తిజానీ మంచం పక్కన నిలబడి ఫొటోలు దిగారు, ఆ ఫొటోలు మన సంఘం గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి, బయటికెళ్ళేటప్పుడు చూడండి, అందులో తిజానీ తప్ప అందరూ నవ్వుతున్నారు. రెండోవారం ఫోన్లు చేశారు. ఆ పైన ఎవరి పనులు వాళ్ళవి. నేను తప్పుపట్టడం లేదు, ప్రపంచాన్ని మార్చాల్సినవాళ్ళకి ఒక ముసలాణ్ణి మెట్లు దించే తీరిక ఎక్కడుంటుంది?

(ముందు వరసలో ఎవరో దగ్గారు)

ఒకరోజు అంబులెన్సు వాళ్ళు ఇవాళ మనుషులు తక్కువున్నారు, కిందకి మీరే దించుకోండన్నారు. నేను తలుపు తీసి మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పుడు కింది నుంచి రొప్పుతూ లజ్‌హర్ వచ్చాడు. ఎవరు చెప్పారో నాకీ రోజుకీ తెలీదు.

"దించడానికి మనిషి కావాలట కదా" అన్నాడు.

నేను వద్దందామనే నోరు తెరిచాను. గోడ సంగతి గొంతులో ఉంది. లోపలి నుంచి తిజానీ అరిచాడు, "ఎవరొచ్చారే?"

"మీ మసీదు షేక్ గారు" అన్నాను.

"అయితే లోపలికి రమ్మను. చచ్చేముందు శత్రువు మొహం దగ్గరగా చూడాలని ఉంది."

లజ్‌హర్ మంచం ముందు గొంతుక్కూర్చుని తిజానీని వీపు మీద వేసుకున్నాడు. నేను వెనకాల తువ్వాలూ మందుల సంచీ పట్టుకుని దిగుతున్నాను. తిజానీ ఆయన చెవిలోనే మొదలుపెట్టాడు.

"షేక్ గారూ, నమాజుకని కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చారేమో. నాస్తికుణ్ణి వీపున వేసుకుంటే ఆ శుద్ధంతా పోదూ?"

"పోదు. గాడిద మీద ఏ సామాను వేసినా గాడిదకేం అంటదు."

"అంటే నన్ను సామానన్నావా?"

"నన్ను నేను గాడిదనన్నాను కదా, చెల్లుకి చెల్లు."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను విని ఎన్నాళ్ళయిందో. క్షమించండి, నీళ్ళు ఇలా ఇవ్వండి.

అది మొదలు. తిజానీ కన్నుమూసేదాకా, అంటే దాదాపు రెండేళ్ళు, ఎండలోనూ వానలోనూ ఆ వీపే మా మెట్లు. వెళ్ళేటప్పుడు తన డొక్కు కార్లో, వచ్చేటప్పుడు అదే డొక్కు కార్లో, దారి పొడుగునా ఇద్దరూ మాటలతో కొట్టుకునేవాళ్ళు. ఒక పొద్దున ఖర్జూరం చెట్టు నుంచి అప్పుడే దించిన తీపి రసం, లాగ్మీ, ఒక చిన్న గ్లాసుడు తెచ్చాడు, డాక్టరు గుక్కెడే తాగమన్నాడని. తిజానీ నాలిక మీద వేసుకుని, "దీన్ని సాయంత్రం దాకా ఎండలో ఉంచి తెచ్చుంటే నురుగు కట్టి కల్లయ్యేది. అప్పుడు నువ్వు మా పార్టీ మనిషివయ్యేవాడివి" అన్నాడు. "అందుకే పొద్దున్నే తెచ్చాను" అన్నాడాయన.

ఇదంతా విని మీరు ఆయన మెత్తబడ్డాడని అనుకుంటే పొరపాటు. ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇవ్వాలని మనం ఉద్యమం చేసిన ఏడాది గుర్తుందా? ఊరి నడిబొడ్డున మనం నిలబడితే, ఎదురుగా వాళ్ళు ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపు ముందు వరసలో ఆయన. చేతిలో ప్లకార్డు. దేవుడి మాట మార్చడానికి మీరెవరని. నేను ఇటు నుంచి గొంతు చించుకుని నినాదాలిచ్చాను, ఆయన అటు నుంచి. అది డయాలసిస్ రోజు. ఊరేగింపు ముగిసిందో లేదో ఆయన తిన్నగా మా ఇంటికొచ్చాడు. నేనింకా చెమట తుడుచుకుంటున్నాను. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి, ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. తిజానీని కార్లో కూర్చోబెడితే, వెనక సీట్లో ఆ ప్లకార్డు. మా ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని పైకి చదివాడు, ఒకసారి కాదు, రెండుసార్లు.

"షేక్ గారూ, మీ దేవుడి భాషలో వ్యాకరణం తప్పు రాశారు. ఇక్కడ బహువచనం రావాలి" అన్నాడు.

లజ్‌హర్ బండి పక్కకి ఆపి, చూసి, "నిజమే" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి దిద్దాడు. మర్నాడు ఊరేగింపులో సరైన వ్యాకరణంతో మా ఆడపిల్లల వాటా వద్దని అరిచాడు. (నవ్వులు)

నవ్వండి. నాకు నవ్వు రాలేదు. మీలో ఎవరికైనా తెలుసో లేదో, మనిషిని అసహ్యించుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. వాడు చెడ్డవాడు, మనం మంచివాళ్ళం, రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఆ సుఖం ఆయన నా నుంచి లాక్కున్నాడు. మన కూతుళ్ళకి సగం వాటా చాలన్న నోరూ ఆయనదే, నా భర్త మూత్రపు సంచీ మొహం చిట్లించకుండా మార్చిన చేతులూ ఆయనవే. ఏది పట్టుకుని ఏది వదలను? గౌరవం అనే మాట మీరు పూలదండల దగ్గర వాడతారు. నాకు అది పుండులా వచ్చింది. వద్దన్నా వచ్చింది.

తిజానీ పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది ఒకటే. "నాకు స్నానం చేయించడానికి ఊరూ పేరూ తెలియని వాణ్ణెవణ్ణీ పిలవకు. నా ఒళ్ళు వాడికలవాటే, ఆ గాడిదకే చెప్పు."

పోయిన రోజున మా ఇంట్లో రెండు గదుల్లో రెండు పనులు జరిగాయి. ముందు గదిలో మన మిత్రులు పెట్టె మీద ఏ జెండా కప్పాలని వాదించుకుంటున్నారు. సంఘం జెండానా, పార్టీ జెండానా? పార్టీ అప్పటికే రెండుగా చీలింది కదా, ఏ ముక్క జెండా? గొంతులు లేచాయి. ఒకాయన అలిగి మెట్లు దిగి వెళ్ళిపోయాడు, ఇవాళ రెండో వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పను. వెనక గదిలో తలుపు వేసుకుని లజ్‌హర్ నా భర్తకి గోరువెచ్చని నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళ చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. ఆయన ఏదో మాట్లాడుతున్నాడు కూడా. ప్రార్థన అనుకున్నాను. తలుపు దగ్గరికెళ్ళి వింటే, "ఇటు తిరుగు తిజానీ, కాస్త ఓర్చుకో, అయిపోయింది" అంటున్నాడు. మెట్ల మీద మోసేటప్పుడు అన్నట్టే.



ఇక మనం మౌనంగా ఉన్న భాగానికి వస్తున్నాను. గడియారం చూసుకునేవాళ్ళు ఇప్పుడు చూసుకోవచ్చు.

గాలి మారింది. ఆయన పార్టీ గద్దె దిగింది, ఆ తరవాత గద్దె అంతా ఒక్క మనిషి చేతికే పోయి దాని రూపమే మారిపోయింది, అరెస్టులు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలోనే లజ్‌హర్‌ని తీసుకుపోయారు. బోర్డు మీద సగం రాసిన లెక్క అలాగే ఉంది. రాజ్యం మీద కుట్రట. బడి టైమ్ టేబుల్లో తన పీరియడ్ మార్పించుకోవడం చేతకాని మనిషి రాజ్యాన్ని కూలదోస్తాడట.

నేను సంఘం ఆఫీసుకెళ్ళాను. ఏం పెద్ద కోరిక కోరలేదు. ఒక ఉపాధ్యాయుణ్ణి పిల్లల ముందు సంకెళ్ళు వేసి తీసుకుపోయారు, విచారణ లేకుండా ఉంచారు, వదలమని మన శాఖ తరఫున ఒక ప్రకటన ఇద్దామన్నాను. మొంజీ, నువ్వు అక్కడే ఉన్నావు, నేను తప్పు చెబితే ఆపు.

"దలందక్కా, ఇది సమయం కాదు" అన్నాడు.

"జైల్లో ఉన్నప్పుడు కాకపోతే ఇంకెప్పుడయ్యా సమయం? బయటికొచ్చాకా?"

"అది కాదక్కా. ఆయన మనవాడు కాదు కదా."

"బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పేవాడు మనవాడు కాకపోతే, మన సంఘం పేరులో ఉపాధ్యాయ అనే మాట ఎందుకు?"

పక్కనున్న ఇంకొకాయన అందుకున్నాడు. "వాళ్ళ రాజ్యంలో మీ గోడ మీద ఏం రాశారో మర్చిపోయారా మేడమ్? మేం మర్చిపోలేదు" అన్నాడు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. "అయ్యా, ఆ గోడ నాది. సున్నం ఆయనది. ఆ పొద్దున మీలో ఒక్కరి చేతికీ కుంచె లేదు. నా గోడ పేరు చెప్పి మీరు భయపడకండి, మీ భయానికి మీ గోడలే చూసుకోండి" అన్నాను.

ప్రకటన రాలేదు. వచ్చింది ఏమిటంటే, నన్ను కార్యవర్గం నుంచి తప్పించారు. ఆరోగ్యరీత్యా అని ప్రకటించారు. నా ఆరోగ్యం చూస్తున్నారు కదా, అరగంట నుంచి మిమ్మల్నందరినీ నిలబెట్టి దులుపుతున్నాను. (అక్కడక్కడా నవ్వులు)

ఆయన భార్య మబ్రూకా గురించి చెప్పాలి. నన్ను చూస్తే ఆమెకి గిట్టేది కాదు. తల మీద గుడ్డ లేనిదాన్ని, మగవాళ్ళతో సమానంగా అరిచేదాన్ని, పైగా తన మొగుడు రోజు విడిచి రోజు నా ఇంటికి రావడం ఏ ఆడదానికి నచ్చుతుంది? ఆయన అరెస్టయ్యాక నేను వాళ్ళింటికెళితే తలుపు సగమే తీసింది.

"ఏం కావాలి టీచరమ్మా?"

"జైలుకి తిండిబుట్ట తీసుకెళ్ళాలి కదా. మీకు తుంటి నొప్పని తెలుసు. బుట్ట నేను మోస్తాను."

"మీ పార్టీ వాళ్ళు ఊరుకుంటారా?"

"బుట్టని మోసేది పార్టీ కాదు, నా చేతులు" అన్నాను. ఆమె తలుపు పూర్తిగా తీసింది.

అప్పటినుంచీ బుట్ట రోజున ఇద్దరం కలిసే వెళుతున్నాం. జైలు గోడ పక్కన వరస మీకు తెలిసిందే, ఈ ఊళ్ళో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఇంటి ఆడదీ అక్కడ నిలబడింది. ఇదివరకు మన వాళ్ళ కోసం మన ఆడవాళ్ళు నిలబడ్డారు, ఇప్పుడు వాళ్ళ వాళ్ళ కోసం వాళ్ళు. గేటు మాత్రం మారలేదు. నేను చుట్టాన్ని కాదు కాబట్టి నన్ను లోపలికి పంపరు. బుట్ట గేటుదాకా మోసి, ఎండలో నిలబడతాను. మబ్రూకా లోపలికెళ్ళి వస్తుంది. ఒకసారి కుస్కుస్ నేను వండాను. తిరిగొచ్చి మబ్రూకా అంది, "ఆయన తిన్నాడు. ఉప్పు లేదన్నాడు. నీ తత్వశాస్త్రంలో ఉప్పు గురించి చెప్పరా?"

ఇంకోసారి వచ్చి అంది, "నిన్ను ఒక మాట అడగమన్నాడు. ఆడపిల్లల వాటా గురించి ఇంకా అదే మాట మీద ఉన్నావా అని."

"ఉన్నానని చెప్పు. గోడ సంగతి ఆ రోజు మైకులో చెప్పనందుకు ఆయన్ని క్షమించలేదని కూడా చెప్పు."

తరవాతి వారం జవాబొచ్చింది. "వాటా సంగతి బయటికొచ్చాక తేల్చుకుందాం అన్నాడు. గోడ సంగతి మాత్రం ఆమే నెగ్గిందని చెప్పమన్నాడు. నోరు పార్టీదని అనుకున్నాను, ఇప్పుడు పార్టీ లేదు, నోరుంది, వినేవాళ్ళు లేరు, అన్నాడు" అని చెప్పి మబ్రూకా ఖాళీ బుట్ట నా చేతికిచ్చింది.

పోయిన నెల తీర్పు వచ్చింది. ఆయన వయసుకి ఆ శిక్షంటే, ఇక బయటికి రావడం గురించి మాట్లాడుకోనక్కర్లేదు. మేమిద్దరం ఒకే ఏడు పుట్టినవాళ్ళం. ఈ సంవత్సరం మన బడి నుంచి రిటైర్ కావలసినవాళ్ళు నిజానికి ఇద్దరు. ఆహ్వానంలో ఒక్క పేరే ఉంది. ఆ రెండో పేరు కూడా వెయ్యమని రవ్దా గారిని అడిగాను. ఆమె మంచి మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకు చిన్నపిల్లలున్నారు దలందా" అంది. ఆమెని ఒక్క మాటా అనను. భయం అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ భయానికి సిద్ధాంతమని పేరుపెట్టి మైకు ముందు నిలబడితే మాత్రం సహించలేను. ఆ జబ్బు ఆయన పార్టీకీ ఉంది, మన పార్టీకీ ఉంది. కాకపోతే ఆయనకి కనీసం చేతులున్నాయి.

మీలో కొందరు ఇప్పుడే అనుకుంటున్నారు, దలందా చివరికి వాళ్ళవైపు వెళ్ళిపోయిందని. వెళ్ళలేదు. రేపు ఎన్నికలొచ్చి, ఆయన బయటికొచ్చి నిలబడితే, నేను ఎదురు నిలబడి ఆయన్ని ఓడించడానికి ఒంట్లో ఉన్న సత్తువంతా ఖర్చుపెడతాను. కానీ అందుకు ముందు ఆయన బయటికి రావాలి. ఎదుటివాడు జైల్లో ఉండగా గెలిచేదాన్ని ఎన్నికనరు.

ఆఖరిమాట. మీరు గమనించారో లేదో, చివరి వరసలో తలుపు పక్కన నల్ల శాలువా కప్పుకుని ఒకావిడ కూర్చుంది. ఆవిడే మబ్రూకా. నేను రమ్మంటే వచ్చింది, రావడం ఇష్టం లేదని ముందే చెప్పింది. ఆవిడ కూర్చోగానే అటూ ఇటూ ఉన్న కుర్చీలు ఖాళీ అవడం నేనిక్కడి నుంచి చూశాను. వేదిక ఎత్తుగా కట్టారు కదా, అన్నీ కనిపిస్తాయి.

(సభలో తలలు వెనక్కి తిరిగాయి)

మీరిచ్చిన ఈ శాలువాకి, ఈ ఇత్తడి పళ్ళేనికి, ఇన్నేళ్ళు నన్ను భరించినందుకు, ఇవాళ మధ్యలో లేచి వెళ్ళిపోనందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సభ అయ్యాక నా దగ్గరికి వరసలో వచ్చి చేతులు కలపాలని మొంజీ ఏర్పాటు చేశాడట. నేనిక్కడ ఉండను. ఆ రెండు ఖాళీ కుర్చీల్లో ఒకదాంట్లో వెళ్ళి కూర్చుంటాను. నాకు వీడ్కోలు చెప్పాలనుకునేవాళ్ళు అక్కడికి రండి, ముందు ఆవిడని పలకరించండి. రెండో కుర్చీ ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు.

నాకిక సెలవు.